పాత గిబ్సన్ మాండలిన్‌ను బాగుచేసుకోవడం: గుర్తుపట్టడం నుంచి శ్రుతి చేసేదాకా

అమెరికాలో 1890ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా మాండలిన్ మోజు ఊరూరా పాకింది. కాలేజీల్లో, చర్చిల్లో, క్లబ్బుల్లో మాండలిన్ బృందాలుండేవి. మాండోలా, మాండోచెల్లో, చివరికి మాండోబాస్ కూడా చేర్చి పాశ్చాత్య వాద్యబృందంలా వాయించేవారు. ఆనాటి వాయిద్యాలు అటకల మీద నుంచి, పాత సామాన్ల అమ్మకాల నుంచి ఇప్పటికీ బయటికొస్తున్నాయి. వాటిలో మిషిగన్ రాష్ట్రం కలమజూలో గిబ్సన్ కంపెనీ చేసిన 'ఏ' మోడల్ మాండలిన్లు సరిగా నిలబెడితే ఈనాటి మంచి వాయిద్యాలకు ఏమాత్రం తీసిపోవు. ఈ వ్యాసం ముఖ్యంగా 1910–1925 మధ్య వచ్చిన, కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉన్న ఆ మాండలిన్ల గురించి.

మొదట ఒక మాట. పాత మాండలిన్లను వయసు కన్నా తొందరపాటు మరమ్మతులే ఎక్కువ పాడుచేశాయి. మళ్లీ రంగేయడం, ఫెవికాల్ పోయడం, లావు తీగలు బిగించడం: ఈ మూడింటినీ మానుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం వరసలో ఉంటుంది. ముందు కట్టు (పెట్టె అతుకులు) గట్టిపడాలి, తర్వాత మెడ, మెట్లు (ఫ్రెట్లు), ఆ తర్వాత బ్రిడ్జ్ (పై పలక మీద తీగలను మోసే చెక్క), చివర్న తీగలు. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోవడం

రంధ్రంలోంచి చూస్తే వెనక పలక లోపలివైపు కాగితపు లేబుల్ కనిపిస్తుంది. దాని మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు చేత్తో రాసి ఉంటాయి. లేబుల్ ఊడిపోయినా దిగులు పడొద్దు. వాయిద్యపు పెట్టెలోపల మెడ అతికే దిమ్మ మీద ఫ్యాక్టరీ ఆర్డర్ నంబరు ముద్ర వేసి ఉంటుంది. చిన్న అద్దం, ఎల్ఈడీ దీపం లోపలికి పెట్టి చూస్తే దొరుకుతుంది. రెండూ ఫోటో తీసి ఉంచుకోండి.

నంబర్లు దొరక్కపోయినా ఆనవాళ్లు కాలం చెబుతాయి. ఓర్విల్ గిబ్సన్ పేటెంట్ 1898లో వచ్చింది, ఆయన పేరు మీద కంపెనీ 1902లో ఏర్పడింది. బ్రిడ్జ్ పాదం మీద 1921 జనవరి 18 పేటెంట్ తేదీ ఉంటే అది ఎత్తు మార్చుకోగల బ్రిడ్జ్. హెడ్‌స్టాక్ (బిరడాలుండే తల) మీద నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) పక్కనే గంట ఆకారపు చిన్న మూత ఉంటే మెడలో ట్రస్ రాడ్ (మెడ వంగకుండా ఆపే ఇనుప కడ్డీ) ఉన్నట్టు, అంటే సుమారు 1922 తర్వాతిది. పైకి పోయేకొద్దీ సన్నబడే 'స్నేక్‌హెడ్' 1923 నుంచి 1927 దాకా కనిపిస్తుంది. ఎత్తు మారని పాత బ్రిడ్జ్ ఉండి, ట్రస్ రాడ్ మూత లేకపోతే ఇంకా పాతదని ఊహించుకోవచ్చు. అయితే బ్రిడ్జ్ ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి దాని మీదొక్కదాని మీదే లెక్క కట్టకండి.

గిబ్సన్‌లో పనిచేసిన ఇంజినీరు లాయిడ్ లోర్ సంతకం ఉన్న లేబుల్ కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. 1922–24 మధ్య ఆయన సంతకంతో వచ్చిన ఎఫ్-5 మాండలిన్లు ఈ వాయిద్య లోకంలో అత్యంత విలువైనవి. బ్లూగ్రాస్ అనే అమెరికన్ సంగీతానికి ఆద్యుడు బిల్ మన్రో వాయించినది 1923 నాటి ఎఫ్-5. అలాంటి వాటి మీద గుడ్డ తప్ప మరేదీ పెట్టకుండా నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

వెనక భాగం సొరకాయ బుర్రలా గుండ్రంగా ఉంటే అది వేరే జాతి. షికాగో లయన్ అండ్ హీలీ, పెన్సిల్వేనియా మార్టిన్, బోస్టన్ వేగా లాంటి కంపెనీలు వాటిని చేశాయి. వాటి పై పలక బాగా పలచన. కింద చెప్పిన అతికింపు, శుభ్రం చేసే పద్ధతులు వాటికీ పనికొస్తాయి కానీ తీగల విషయంలో చాలా తేడా ఉంది. ఆ వాయిద్యాల్లో కొన్నిటికి తాబేలు చిప్ప పలకలు, బ్రెజిల్ రోజ్‌వుడ్ పక్కబద్దలు ఉంటాయి. ఈ రెండూ అంతరించే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్నాయి. అమెరికా నుంచి ఇండియాకు తెచ్చుకోవాలంటే పర్మిట్లు ముందే తీసుకోవాలి, లేకపోతే కస్టమ్స్‌లో పోతుంది. గిబ్సన్ పిక్‌గార్డు (మీటే పిక్ గీతల నుంచి పలకను కాపాడే రేకు) తాబేలు చిప్పలా కనిపించినా అది సెల్యులాయిడ్.

తీగలు బిగించక ముందు పరీక్ష

కేసు తెరవగానే శ్రుతి చేయాలన్న ఆత్రం సహజమే. ఆగండి. మీడియం సెట్ ఎనిమిది తీగలూ శ్రుతిలో ఉంటే మొత్తం లాగుడు దాదాపు 79 కిలోలు, లైట్ సెట్ అయితే 68 కిలోలు. లోపల ఒక్క బద్ద ఊడి ఉన్నా ఆ బరువుకు పై పలక కుంగుతుంది.

ఓవల్ రంధ్రం గిబ్సన్‌లో పై పలక కింద ఒకే ఒక్క అడ్డబద్ద ఉంటుంది, రంధ్రానికీ బ్రిడ్జ్‌కీ మధ్య. మొత్తం పలకకు అదే ఆసరా. అద్దంలో దాని రెండు చివర్లూ చూడండి. పలచని కాగితం ముక్కను బద్దకీ పలకకీ మధ్య దూర్చి చూడండి. కాగితం దూరిందంటే అతుకు వదిలింది. తర్వాత వేలి కణుపుతో పలక అంచుల వెంట మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి అతుకు దగ్గర ముద్దగా, ఒకే రకంగా మోగుతుంది. వదిలిన చోట గలగలమని పొడిగా చప్పుడొస్తుంది. టెయిల్‌పీస్ (తీగల అడుగు చివర్లు తగిలించే లోహపు పట్టీ) చుట్టూ, నడుము మలుపుల్లో, వెనక పలక మధ్య అతుకు మీద ముఖ్యంగా చూడాలి.

పలక కుంగిందా లేదా తెలుసుకోవడానికి ఉక్కు స్కేలును బ్రిడ్జ్ ఉండే చోట అడ్డంగా నిలబెట్టండి. చెక్కిన పలక కాబట్టి మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమానంగా జారుతూ ఉండాలి. బ్రిడ్జ్ పాదాల కింద గుంట కనిపించి, మధ్య భాగం చదునుగా ఉంటే కుంగింది. కొంచెం కుంగి, ఇన్నేళ్లుగా అక్కడే ఆగిపోయిన పలకలు బోలెడు. వాటిని అలాగే ఉంచి లైట్ తీగలతో వాడుకోవచ్చు. అడ్డబద్ద విరిగి, బీట కూడా ఉంటే అది తల పండిన మరమ్మతుదారు పని. లోపలి నుంచి జాకీ పెట్టి నెమ్మదిగా లేపాలి. యూట్యూబ్ చూసి నేర్చుకునే పని కాదు.

మెడ మీద నేరుగా చూపు పారించండి. ట్రస్ రాడ్ లేని పాత మెడలు కాస్త ముందుకు వంగి ఉండడం సాధారణం. పొడుగు స్కేలును మెట్ల మీద పెట్టి బ్రిడ్జ్ వైపు సాచితే, దాని చివర బ్రిడ్జ్ పైఅంచు కన్నా కొంచెం కిందికి రావాలి. పెట్టెకు తగిలేంత కిందికి దిగితే మెడ కోణం పోయినట్టే, అంటే మెడను పెట్టెకు కలిపే డవ్‌టెయిల్ అతుకు విప్పి మళ్లీ కూర్చాలి. అది కూడా నిపుణుడికే. కొనేముందు ఈ ఒక్క పరీక్ష చేసినా చాలా డబ్బు మిగులుతుంది.

శుభ్రం చేయడం, పాత పూత సంగతి

1925 ప్రాంతం దాకా గిబ్సన్ వాడినవి లక్క కలిసిన స్పిరిట్ వార్నిష్‌లు. ఆ తర్వాత నైట్రోసెల్యులోజ్ లక్కర్ వచ్చింది. స్పిరిట్ వార్నిష్ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. శానిటైజర్ రాసుకున్న చేయి తగిలినా, అత్తరు చుక్క పడినా మచ్చ పడుతుంది. నైట్రో లక్కర్‌ను థిన్నర్ కరిగిస్తుంది. అందువల్ల ఈ రెండూ దగ్గరికి రానివ్వకూడదు. కొలిన్, సిలికోన్ ఉన్న ఫర్నిచర్ పాలిష్, డబ్ల్యూడీ-40 కూడా అంతే. సిలికోన్ బీటల్లోకి దిగితే తర్వాత ఏ జిగురూ పట్టదు.

వరస ఇది. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. రంధ్రంలోంచి గుప్పెడు పొడి బియ్యం పోసి, వాయిద్యాన్ని నెమ్మదిగా ఊపి బయటికి పోస్తే లోపలి దుమ్మంతా వస్తుంది, లేబుల్ మీద మాత్రం గింజలు రుద్దుకోకుండా చూసుకోవాలి. తర్వాత కాటన్ బడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండేసి, తడి మాత్రమే మిగిలాక చిన్న చోట తుడవండి. జిడ్డు వదలకపోతే సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా వాడొచ్చు. అది ఈ రెండు పూతలకీ హాని చేయదు. కిటికీలు తెరిచి, మంట లేని చోట మాత్రమే. బడ్ మీదికి గోధుమ రంగు మురికి వచ్చినంతసేపూ పని సాగుతున్నట్టే. ఎర్రటి రంగో, పసుపు రంగో దిగడం మొదలైతే అది పూత, వెంటనే ఆపేయండి.

మళ్లీ రంగు వేయడం మాత్రం వద్దే వద్దు. గీతలు, వాడకంతో అరిగిన చోట్లు, చెమట మరకలు ఆ వాయిద్యపు చరిత్రలో భాగం. పైపెచ్చు అమ్మకంలో విలువ సగానికి సగం పడిపోవడానికి రీఫినిష్ ఒక్కటి చాలు. కొట్ల వాళ్లు 'కొత్తదానిలా చేసిస్తాం' అంటే వెనక్కి తీసుకొచ్చేయండి. పూత పోయి చెక్క బయటపడిన చోట చెమట దిగకుండా పలచని లక్క చాలు. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల మైనం తీసిన లక్క కలిపి, సన్న కుంచెతో ఆ ఖాళీలో మాత్రమే ఒక్క పూత వేయండి. చుట్టూ ఉన్న పాత పూత మీద కుంచె రెండోసారి తగిలితే అది కరిగి లేస్తుంది.

పిక్‌గార్డు దగ్గరకు ముక్కు పెట్టి వాసన చూడండి. పుల్లగా, కర్పూరం లాంటి ఘాటు వస్తే, అంచులు చిట్లుతుంటే సెల్యులాయిడ్ కుళ్లుతోందన్నమాట. దాని నుంచి వచ్చే ఆవిరి ఆమ్లం తీగలను, టెయిల్‌పీస్ నికెల్‌ను తినేస్తుంది. తీసేసి గాలాడే కాగితపు కవర్లో వేరుగా దాచండి, పారేయొద్దు. తేలికగా అంటుకునే పదార్థం కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచాలి.

అతుకులు, బీటలు: సరేసు పని

మొత్తం పనికి గుండెకాయ ఇదే. గిబ్సన్ వాళ్లు ప్రతి అతుక్కీ జంతు చర్మం నుంచి తీసిన సరేసు వాడారు. మనమూ అదే వాడాలి. కారణాలు రెండు. కొత్త సరేసు పాత సరేసును తడిపి దానితో కలిసిపోతుంది, మిగతా జిగుర్లకు పాతదంతా గీకేయాలి. రెండోది, రేపు మరొకరు వేడి, తడి ఇస్తే ఈ అతుకు చెక్క చెడకుండా విడిపోతుంది. ఫెవికాల్ లాంటి తెల్లజిగుర్లు నిత్యం లాగుడు ఉన్న చోట మెల్లగా జారతాయి. సూపర్ గ్లూ, ఎపాక్సీలు పెట్టిన అతుకును విప్పబోతే చెక్కే ముక్కలవుతుంది. బజార్లో దొరికే ముదురు రంగు సరేసు నాణ్యత ఒక్కో బస్తాకు ఒక్కోలా ఉంటుంది. వాయిద్యాలకు 192 గ్రాముల గ్రేడు (జిగురు బలం కొలత) గింజ సరేసు తెప్పించుకోండి. సీసాల్లో ద్రవంగా అమ్మే సరేసు మన కోస్తా తేమకు మెత్తబడుతుంది, అదీ వద్దు.

25 గ్రాముల సరేసుకు 45–50 మి.లీ. చల్లని నీళ్లు పోసి గంట నానబెట్టండి. పిల్లల పాలసీసా వేడిచేసే యంత్రంలో గిన్నె పెట్టి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. 65 దాటితే బలం పోతుంది, ఉడికితే పారబోయడమే. కుంచె ఎత్తితే తెగకుండా సన్నని ధారలా జారాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే కొన్ని సెకన్లలోనే పట్టుకోవాలి. మిగిలింది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

సరేసు రాసి, క్లాంపు బిగించడానికి మీకు దొరికే సమయం నిమిషం లోపే. కాబట్టి ముందు జిగురు లేకుండా మొత్తం పని ఒకసారి ఉత్తిగా చేసి చూడాలి. ఏ క్లాంపు ఎక్కడ, మైనం కాగితం ఎక్కడ, తడిగుడ్డ ఎక్కడ అన్నీ చేతికందేలా పెట్టుకోండి. అతికే చోటును హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేస్తే మరో ఇరవై ముప్పై సెకన్లు కలిసొస్తాయి. పూతకు మరీ దగ్గరగా పెడితే బుడగలు లేస్తాయి, జానెడు దూరం ఉంచండి.

వెనక పలక అంచు వదిలితే: పలచని ప్యాలెట్ కత్తిని వేడి నీళ్లలో ముంచి అతుకు వెంట నడిపి పాత జిగురు మెత్తబరచండి. తడిగుడ్డతో తుడవండి. కత్తితోనే సరేసు లోపలికి దూర్చండి. దారపు రీళ్ల మధ్య బోల్టు పెట్టి చేసుకున్న క్లాంపులతో ప్రతి 4–5 సెం.మీ.కు ఒకటి బిగించండి. బయటికొచ్చిన సరేసును గోరువెచ్చని తడిగుడ్డతో అప్పుడే తీసేయాలి. 24 గంటలు కదపొద్దు. పలక అంచు పక్కచెక్క మీద కూర్చోకుండా తగ్గి ఉంటే బలంగా లాగి కలపకండి. చెక్క ఎండి కుదించుకుపోయిందని దాని అర్థం, ముందు తేమ పట్టించాలి.

పై పలక బీటలకు కూడా తేమే మొదటి మందు. మూత ఉన్న పెట్టెలో తడి స్పాంజి, తేమకొలత పరికరం పెట్టి 50–55 శాతం దగ్గర రెండు మూడు రోజులు ఉంచితే చాలా బీటలు వాటంతట అవే మూసుకుంటాయి. మూసుకున్నాక పనిచేయాలి. తెరుచుకున్న బీటను అలాగే లక్కతోనో, రంపపు పొట్టుతోనో నింపితే వానాకాలంలో చెక్క ఉబ్బి పక్కన కొత్త బీట పుడుతుంది.

సరేసును పలచగా చేసి బీట మీద రాసి, వేలితో కిందనుంచి పైనుంచి నొక్కుతూ లోపలికి పంపండి. దానికి లోపల ఊతంగా స్ప్రూస్ ముక్కలు అతికించాలి. ఒక్కోటి 10–12 మి.మీ. చదరం, 1.5–2 మి.మీ. మందం. ముక్క ఈనెలు బీటకు అడ్డంగా ఉండాలి, అంచులన్నీ ఏటవాలుగా చెక్కాలి. మందంగా, మొద్దుగా వదిలేస్తే పలక కదలికను ఆపి అక్కడే మళ్లీ బీటలిస్తుంది. ముక్కకూ ముక్కకూ 3–4 సెం.మీ. దూరం చాలు.

చేయి దూరని చోట ముక్కను పెట్టేదెలా? రెండు చిన్న నియోడిమియం అయస్కాంతాలు తీసుకోండి. ఒకదాన్ని స్ప్రూస్ ముక్క వెనక రెండు వైపుల టేపుతో అంటించి, ముక్కకు సరేసు రాసి, వంచిన తీగ చివర పెట్టుకుని రంధ్రంలోంచి లోపలికి తీసుకెళ్లండి. బయట, బీట మీద మైనం కాగితం, దాని మీద మెత్తని తోలు ముక్క, ఆపైన రెండో అయస్కాంతం. లోపలిది దగ్గరికి రాగానే టక్కున అంటుకుంటుంది. బయటి అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే లోపలి ముక్క కూడా జరిగి సరిగ్గా బీట మీద కూర్చుంటుంది. అద్దంలో చూసి ఈనెల దిశ సరిచూసుకోండి. మరుసటి రోజు అయస్కాంతాలను పక్కకు జార్చి తీయాలి, నిట్టనిలువునా లాగితే పూత లేచిపోతుంది.

అడ్డబద్ద చివర వదిలి ఉంటే అక్కడ కూడా సన్నని కత్తితో సరేసు దూర్చి, లోపల స్క్రూ జాకీతో వెనక పలక నుంచి ఆసరా ఇచ్చి బిగించాలి. వెనక పలక మీద చదును చెక్క పెట్టకపోతే జాకీ పాదం దాన్ని గుచ్చుతుంది.

మెడ, మెట్లు, నట్

ఈ మాండలిన్ తీగ పొడవు 352 మి.మీ., పాత 'ఏ' మోడళ్లలో మెడ పదో మెట్టు దగ్గర పెట్టెను కలుస్తుంది. ఫ్రెట్‌బోర్డు ఎబొనీ, చదునుగా ఉంటుంది, మెట్లు సన్నగా, ఒక మిల్లీమీటరు వెడల్పుకు అటూ ఇటూ.

తీగలు శ్రుతిలో ఉండగా మొదటి మెట్టునూ పద్నాలుగో మెట్టునూ ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు దగ్గర తీగ కింద సందు చూడండి. 0.1 మి.మీ. దరిదాపుల్లో ఉంటే చాలా బాగున్నట్టు. ట్రస్ రాడ్ ఉంటే పావు వంతు తిప్పి ఒక రోజు ఆగి మళ్లీ కొలవండి. మరచుట్టు గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు, ఎన్నో ఏళ్లుగా కదలని తుప్పు అది, తీగలు వదులు చేసి చుక్క నూనె వేసి ఒక రోజు ఆగండి. రాడ్ లేని మెడ బాగా వంగితే వేడిచేసి నిలబెట్టడమో, కొంచెం లావు కాడ ఉన్న మెట్లు దిగ్గొట్టి మెడను వెనక్కి నెట్టడమో నిపుణులు చేస్తారు.

మెట్లు అరిగి ఎత్తు 0.5 మి.మీ. కన్నా తగ్గితే కొత్తవి వేయక తప్పదు. అంతకన్నా ఎక్కువ ఉంటే సమం చేస్తే సరిపోతుంది. పైన మార్కర్ సిరా పూసి, చదునైన రాయికి 600 నంబరు ఉప్పుకాగితం అతికించి రుద్దండి. ప్రతి మెట్టు మీదా సిరా పోగానే ఆపండి. తర్వాత పైభాగాన్ని ఆకురాయితో గుండ్రంగా చేసి 1000, 2000 నంబర్లతో మెరుగు పెట్టండి. మెట్లు తీయాల్సి వస్తే సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి, నోరు చదునుగా అరగదీసిన కటింగ్ ప్లయర్‌తో ఒక చివర నుంచి మెల్లగా లేపాలి. ఎబొనీ పెళుసు, చిన్న పెచ్చులు లేస్తాయి. వాటిని పారేయకుండా అక్కడికక్కడే సూపర్ గ్లూ చుక్కతో అతికించండి. ఈ ఒక్క పనికీ సూపర్ గ్లూ ఒప్పుకుంటాం.

నట్ వెడల్పు ఈ కాలపు మాండలిన్లకు దాదాపు 30 మి.మీ. ఎముక నట్ అయితే మంచిది. తీగను రెండు, మూడు మెట్ల మధ్య నొక్కి పట్టినప్పుడు మొదటి మెట్టు మీద పలచని కాగితం దూరేంత ఖాళీ ఉండాలి. అస్సలు లేకపోతే తెరిచిన తీగ గరగరమంటుంది. ఎక్కువ ఉంటే మొదటి మెట్టు దగ్గర వాయించే ప్రతి స్వరం శ్రుతి పెరిగి వినిపిస్తుంది. 'ఈ వాయిద్యం శ్రుతి నిలవదు' అని వదిలేసిన వాటిలో చాలావాటికి జబ్బు నట్‌లోనే ఉంటుంది.

బ్రిడ్జ్ కూర్చడం

గిబ్సన్ బ్రిడ్జ్ అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. పాదాలు పలక మీద పూర్తిగా ఆనకపోతే నాదం సగానికి పడిపోతుంది, ఒత్తిడంతా ఒకచోట పడి పలక గుంట పడుతుంది. పాత బ్రిడ్జ్ పనికిరాదనుకుంటే విడిగా దాచి, నకలు చేయించి వాడండి. పాతదాన్ని చెక్కొద్దు.

కొత్త బ్రిడ్జ్ పాదాలు కూర్చాలంటే, దాని స్థానంలో పలక మీద 120 నంబరు ఉప్పుకాగితం గరుకు వైపు పైకి పెట్టి, అంచులు పలచని టేపుతో అంటించండి. టేపు పూతను లేపకుండా ముందు గుడ్డ మీద అతికించి జిగట తగ్గించుకోవాలి. బ్రిడ్జ్‌ను నిటారుగా పట్టుకుని తీగల దిశలో అర అంగుళం మేర ముందుకూ వెనక్కూ జరపండి. అడ్డంగా జరిపితే వంపు తప్పుతుంది. పది సార్లకొకసారి పాదం తిరగేసి చూడండి, కొత్తగా గీతలు పడిన చోటే తగిలినట్టు. అంతటా గీతలు పడ్డాక 220 నంబరుతో ముగించండి. చివర్లో దీపం వెనక పెట్టి చూస్తే పాదం కింద వెలుగు కనిపించకూడదు.

స్థానం: నట్ నుంచి 12వ మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కూ అంత, దానికి 2–3 మి.మీ. కలపండి. బొద్దు తీగల వైపు ఇంకొంచెం ఎక్కువ. తీగ బిగించాక 12వ మెట్టు మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం), నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కింది ఎక్కువ శ్రుతిలో ఉంటే బ్రిడ్జ్‌ను టెయిల్‌పీస్ వైపు జరపాలి, తక్కువ ఉంటే మెడ వైపు. తీగల ఎత్తు 12వ మెట్టు దగ్గర సన్న తీగకు 1.4, లావు తీగకు 1.7 మి.మీ. ఉంటే వేళ్లకు హాయి. ఎత్తు మార్చే చక్రాలు తిప్పేముందు తీగలు వదులు చేయాలి, లేకపోతే మరలు అరిగిపోతాయి. శ్రుతి చేసే కొద్దీ తీగలు బ్రిడ్జ్ పైఅంచును నట్ వైపు లాగుతాయి, అప్పుడప్పుడూ నిటారుగా సర్దుతుండండి.

బిరడాలు, తీగలు

నాలుగేసి బిరడాలు ఒకే రేకు మీద ఉంటాయి. బిగుసుకుపోయినవాటికి నాఫ్తాతో పాత జిడ్డు కడిగి, గడియారం నూనె సూది మొనతో ఒక్క చుక్క వేస్తే చాలావరకు తిరుగుతాయి. మార్చాలనుకుంటే పాత రేకు మీద కమ్మీ (తీగ చుట్టే కడ్డీ) నుంచి కమ్మీకి దూరం కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా నాలుగో కమ్మీ రంధ్రంలో ఒరుసుకుంటుంది. స్క్రూ పళ్లు, చక్రం ఒకదాని మీద ఒకటి ఉండే తీరు 1925 ప్రాంతంలో మారింది కాబట్టి కొత్త సెట్ తిప్పే దిశ కూడా సరిచూసి కొనండి. రంధ్రాలు పెద్దవి చేయడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

తీగల చివర్లు ఉంగరం ముడివి తీసుకోండి. పలక ఆరోగ్యంగా ఉన్న గిబ్సన్‌కు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10, 14, 24, 38 లైట్ సెట్ సరిపోతుంది. మీడియం సెట్ పడే వాయిద్యాలున్నాయి, కానీ వందేళ్ల పలక మీద ఆ ప్రయోగం అనవసరం, నాదం పెద్దగా పెరగదు. బుర్ర వెనక మాండలిన్లకు 9తో మొదలై 32 దాటని అతి లైట్ సెట్ మాత్రమే. వాటికి గిటార్ దుకాణంలో దొరికిన సెట్ ఎక్కించడం వల్లే బ్రిడ్జ్ వెనక పలక మడత పడి చచ్చిపోయినవి ఎన్నో.

ఉన్న తీగలు మారుస్తున్నప్పుడు ఒక్కో జంట చొప్పున మార్చండి, అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జ్ పడిపోతుంది. బాగుచేసిన తర్వాత మొదటిసారి ఎక్కించేటప్పుడు రెండు పూర్తి స్వరాలు తక్కువలో ఒక రోజు, అర స్వరం తక్కువలో మరో రోజు ఉంచి, మూడో రోజు పూర్తి శ్రుతికి తేవాలి. బొద్దు తీగ నుంచి జి, డి, ఎ, ఇ. ఎ తీగ 440 హెర్ట్జ్. ప్రతి రోజూ పలక మీద స్కేలు పెట్టి ముందు రోజు కొలతతో పోల్చండి. జంటలో రెండు తీగలనూ విడివిడిగా శ్రుతి చేశాకే కలిపి వినండి. టెయిల్‌పీస్ మూత గలగలమంటే లోపల ఉన్ని ముక్క పెట్టండి.

నాదం వినడం

ఓవల్ రంధ్రం గిబ్సన్ బ్లూగ్రాస్ రికార్డింగుల్లో వినిపించే గట్టి 'చాప్' (తీగలను కొట్టి వెంటనే ఆపే దెబ్బ) ఇవ్వదు. ఆ దెబ్బ ఎఫ్ రంధ్రాల ఎఫ్-5ది, దాని మెడ పదిహేనో మెట్టు దాకా బయటే ఉంటుంది, బ్రిడ్జ్ పలక మధ్యకు వస్తుంది. ఓవల్ రంధ్రం వాయిద్యం నాదం గుండ్రంగా, తియ్యగా ఉంటుంది, మీటాక చాలాసేపటిదాకా నిలుస్తుంది. దీనిలో బొద్దు జి తీగ మోగినంత నిండుగా చవకరకం మాండలిన్లలో మోగదు. పాత మెలొడీలు, ట్రెమొలో, ఐరిష్ బాణీలు దీని సొంత ఇల్లు. మూలలు గుండ్రంగా ఉన్న 1.2–1.5 మి.మీ. మందం పిక్‌తో, రంధ్రానికి కొంచెం వెనక, మణికట్టు వదులుగా పెట్టి వాయించి చూడండి. పలచని పిక్‌తో తీగ తాలూకు చప్పుడే వస్తుంది, చెక్క పలకదు.

మాండలిన్ అనగానే మన తెలుగువాళ్లకు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకొస్తారు. ఆయన వాయించినది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. కర్ణాటక గమకాలకు తీగ జార్చాలి, లాగాలి, జంట ఉక్కు తీగల పాత అమెరికన్ వాయిద్యం దానికి లొంగదు. గమకాల కోసం దీని మెట్ల మధ్య చెక్క గుంటలు తవ్వడం, పికప్ కోసం రంధ్రాలు వేయడం వాయిద్యాన్ని చంపేయడమే. కర్ణాటక సంగీతానికి వేరే వాయిద్యం కొనుక్కోండి.

నిలబెట్టుకోవడం

45–50 శాతం తేమ దీనికి ఇష్టం. విశాఖలో, విజయవాడలో వానాకాలం తేమ 80 దాటుతుంది, పలక ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది, నెలలు అలాగే ఉంటే సరేసు మెత్తబడుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ పొడిలోనూ, న్యూజెర్సీ చలికాలం హీటర్ గదుల్లోనూ తేమ 30 శాతం కిందికి పడిపోయి బీటలిస్తుంది. రెండు ఊళ్ల వాళ్లకీ మందు ఒకటే: గట్టి పెట్టె, అందులో తేమకొలత పరికరం, తేమను రెండు వైపులా సర్దే 49 శాతం ప్యాకెట్లు. అవి గట్టిపడగానే మార్చాలి. ఎండలో నిలిపిన కారు లోపల సరేసు కరిగే వేడి పుడుతుంది, డిక్కీలో అయిదు నిమిషాలు కూడా వదలొద్దు.

దూర ప్రయాణానికి తీగలు రెండు స్వరాలు దించండి, పూర్తిగా వదులు చేస్తే బ్రిడ్జ్ ఊడి పలకను గీస్తుంది. తల కింద, మెడ కింద మెత్తలు పెట్టి, పెట్టెలోపల అటూ ఇటూ కదలకుండా చూడండి. చేరాక పెట్టెను మూసే ఉంచి ఒక రోజు గదిలో వదిలేసి, అప్పుడు తెరవండి. ఏ జిగురు ఎక్కడ వాడారు, ఏ ముక్క మార్చారు, తీగల ఎత్తు, పలక ఎత్తు ఎంత, ఏ తేదీన అనేవి ఒక కాగితం మీద రాసి కేసు జేబులో పెట్టండి. విప్పిన పాత నట్, మెట్లు, బ్రిడ్జ్, బిరడాలు కూడా పొట్లం కట్టి అందులోనే. కుళ్లుతున్న పిక్‌గార్డు మాత్రం ఆ కేసులో వద్దు.